ఇరవై మూడో ఫైలు

ఉధ్నా, సూరత్
9 మే 2020

హరిణీ,

నాలుగు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాను. ఈ రోజుతో యాభై రోజులు. రైళ్ళు లేవు, బస్సులు లేవు. నువ్వేమో చెన్నై శివారులోని ఆ టెస్ట్ కేంద్రం హాస్టల్లో చిక్కుకుపోయావు. మనిద్దరం పనిచేసేది ఒకే కారు మీద. కారు నీ దగ్గరుంది, దాని కాగితాలు నా దగ్గరున్నాయి.

ఫోన్ ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. ఇక్కడ సిగ్నల్ బాగుండదు. నీ మాట సగమే అందుతుంది, మిగతా సగం ఊహించుకుని ఊఁ కొడతాను. మొన్న నువ్వేదో దిగులుగా చెబుతుంటే నేను నవ్వానట. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆఫీసు మెయిళ్ళన్నీ ఇంగ్లీషే కదా, మన మాటలైనా తెలుగులో ఉండనీ. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా నేర్చుకున్నది ఇన్నాళ్ళకు పనికొస్తోంది.

మా ఇల్లు నువ్వొకసారి చూశావు. కింద ఇరవై నాలుగు మరమగ్గాలు (మేం సాంచాలంటాం), పైన మా గది. నేను పుట్టినప్పటి నుంచి మా నేల వణుకుతూనే ఉంది. ఇప్పుడు ఆగిపోయింది. అల్మారాలో గిన్నెలు కదలడం లేదు. మొదటి వారం అమ్మకు నిద్రే పట్టలేదు, ఎవరో పోయినట్టుంది అంది. బాపు మాత్రం రోజూ కిందికి దిగి ఒక్కో సాంచెను చేత్తో తిప్పి వస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా వాటిని బాగుచేసే జాబర్ ఆయనే. చెవులు ఎప్పుడో పోయాయి. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంటాడు.

పని లేక నా పని గురించి అడిగాడు. "కారు తయారైనంక మల్ల నువ్వేం జేస్తవ్ బిడ్డా?" అని. కాగితం మీద పిస్టన్ బొమ్మ గీశాను. పిస్టన్ పైకి వస్తుండగానే పెట్రోలుకు నిప్పు అంటించాలి, ఎంత ముందుగా అంటిస్తే అంత బలం, మరీ ముందైతే లోపల పేలుడు అదుపు తప్పి పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, దాన్నే నాకింగ్ అంటారు అని చెప్పాను. ఆయన నవ్వి, మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే నాడెతో పోల్చాడు.

"గంతేనా! నాడెను ఎప్పుడు కొట్టాల్నో చూస్కునుడే గద. ముందుగాల కొడ్తె దారం తెగుతది, ఎన్క కొడ్తె నాడె నడుమల్నే ఆగుతది. దీనికి నాలుగేండ్లు సదివినవా?"

ఆ తర్వాత మామూలు కథ ఎత్తుకున్నాడు. అమ్మ కండెలకు దారం చుట్టే పనికి పోతే, నన్ను చీర తొట్టెలలో వేసి ఆ తొట్టెలను ఏడో నంబరు సాంచె చట్రానికి కట్టేవాడట. "ఊపే పనే లేకుండె. సాంచెనే ఊపి పండవెట్టేది. మిషిని ఒళ్ళె పెరిగింది నా బిడ్డ, గందుకే ఇంజినీరయింది." మా గల్లీలో ఈ కథ వినని మనిషి లేడు.

అసలు సంగతి. ఇంజను చప్పుడు వినే పని చూసే అరవింద్ గారు ఉద్యోగం మానేశారు కదా. ఆ పని ఎవరు చేస్తారని రోహిత్ సార్ మీటింగులో అడిగితే నేనే చెయ్యి ఎత్తాను. తొమ్మిది నెలలుగా పట్టికలు నింపుతున్నాను. ఈసారి ఇంజను నా చెవిలో ఉంటుంది. చప్పుడు రికార్డు చేసిన ఫైళ్ళు పంపు.

నీ
సింధూజ

*

టెస్ట్ కేంద్రం హాస్టల్, చెన్నై
28 మే 2020

ఏమే సింధూ,

సూరత్‌లో నిశ్శబ్దమా? మీ ఉధ్నాలోనా? నేను నమ్మను. మీ ఇంటికొచ్చిన రోజు ఆంటీ నన్ను టీ తాగుతావా అని మూడుసార్లు అరిచి అడిగింది, నేను నాలుగోసారికి తల ఊపాను. నువ్వు మాత్రం ఆ హోరులోనే మీ నాన్నతో చేతులూ కనుబొమ్మలూ కదిపి హాయిగా కబుర్లు చెప్పావు. చూసి కుళ్ళుకున్నాను.

ఇక్కడ మిగిలింది ముగ్గురం. నేను, ఒక టెక్నీషియన్, స్టోర్స్ చూసే వెంకటయ్య గారు. వంటవాడు మొదటి వారమే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెంకటయ్య గారే పొద్దున అన్నం వండి, మధ్యాహ్నం పెట్రోలు డ్రమ్ములు లెక్కపెట్టి, సాయంత్రం నాకు జ్వరం ఉందేమో చూస్తారు. నాన్న హజీరా క్వార్టర్స్‌లో ఒక్కరే ఉన్నారు. ప్లాంట్ ఆపడానికి వీల్లేదట. నీకు గంట దూరంలో ఉన్నారు, నాకు దేశం అవతల. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సరే, పని. అనుమతి వచ్చింది. మన ఎర్ర కారును రోలర్ల మీద కట్టేసి నిన్నటి నుంచి నడుపుతున్నాను. నలభై ఫైళ్ళు పంపిస్తున్నాను. నీకు తెలిసిందే అయినా రోహిత్ సార్ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇంజను పక్కన బిగించిన సెన్సర్ ప్రతి పేలుడుకూ ఒక అంకె ఇస్తుంది. ఎంత దాటితే నాకింగ్ అనుకోవాలో ఆ సెన్సర్‌కు తెలియదు. ఒక మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, ఇది కొట్టుకుంటోంది, ఇది శుభ్రం అని గుర్తు పెడితే, ఆ గుర్తులను బట్టి హద్దు గీస్తాం. కారు అమ్ముడుపోయాక జీవితమంతా ఆ హద్దునే నమ్ముకుని బతుకుతుంది. హద్దు దాటితే కంప్యూటర్ నిప్పును వెనక్కి జరిపి ఇంజన్ను కాపాడుతుంది. దాటలేదనుకుంటే ఊరుకుంటుంది.

గంటకు రెండు ఫైళ్ళ కంటే ఎక్కువ వినకు, చెవి అలిసిపోతుంది. అరవింద్ గారు అనేవారు.

హరిణి

*

ఉధ్నా, సూరత్
21 జూన్ 2020

హరిణీ,

నలభై ఫైళ్ళూ అయిపోయాయి. ఒక్కోటి మూడుసార్లు విన్నాను. గుర్తులు ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను.

ఇంజను నేననుకున్న దానికంటే చాలా బాగుంది. నాకింగ్ ఆరు ఫైళ్ళలోనే దొరికింది, అదీ పెద్దగా. మిగతావన్నీ శుభ్రం. చెవిలో టర్బో ఈల, దాని కింద ఇంజను గర్జన, దాని కింద రోలర్ల మోత. ఇన్ని పొరలుంటాయని ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు. మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కారు లోపల ఉన్నట్టే ఉండేదాన్ని.

నిన్న ఒక తమాషా జరిగింది. ఇరవై మూడో ఫైలు వింటుంటే అమ్మ వచ్చి, "ఏందే గంత సేపు దాంట్ల, భజననా?" అని హెడ్‌ఫోన్ లాక్కుని తన తలకు పెట్టుకుంది. కాసేపు విని, "బండిల గాజులు వోస్కపోతున్నరా?" అంది.

"గాజులేందమ్మా?"

"మల్ల గా చప్పుడేంది? ఇనుప డబ్బల శెనిగెలు ఏసి ఊపినట్టు. సన్నగ గలగల గలగల. నీకు ఇనవడ్తలేదా?"

పడీ పడీ నవ్వాను. తన చేతి గాజులే హెడ్‌ఫోన్‌కు తగిలాయేమో. "అమ్మా, గది రెండు లీటర్ల టర్బో ఇంజను, శెనిగెల డబ్బ గాదు" అన్నాను. "ఏమో తల్లీ, సదువుకున్నదానివి, నీకే తెల్వాలె" అని లేచి రొట్టెలు చేసుకోవడానికి వెళ్ళింది.

మీ నాన్నగారు ఎలా ఉన్నారు? హజీరా వైపు ఎవరినీ వెళ్ళనివ్వడం లేదు, లేకపోతే నేనే చూసి వచ్చేదాన్ని.

సింధూజ

*

చెన్నై
19 జులై 2020

సింధూ,

నీ గుర్తులతో హద్దు గీశాం. నువ్వు శుభ్రం అన్న చోటల్లా నిప్పును రెండు డిగ్రీలు ముందుకు జరిపాం. ఫలితం విను. నిలుచున్న చోటి నుంచి వంద వేగం అందుకోవడానికి పోయిన నెల పట్టిన సమయంలో అర సెకను తగ్గింది. అర సెకను! రోహిత్ సార్ ఫోన్లో నీ పేరు రెండుసార్లు ఎత్తారు. తన భార్య పేరు కూడా అంత మెత్తగా పలకరని నా అనుమానం.

గేర్‌బాక్స్ సంగతి కూడా తేలింది. రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కంప్యూటర్ క్షణంలో పదో వంతు సేపు ఇంజను బలాన్ని తగ్గించి మళ్ళీ ఇస్తుంది కదా. ఇంతకుముందు భయం భయంగా, మెల్లగా ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఒక్కసారిగా ఇస్తున్నాం. ట్రాక్ మీద నడిపాను. గేరు పడగానే వెనక నుంచి ఎవరో వీపు మీద చరిచినట్టు ముందుకు దూకుతుంది. నెలల తరబడి ముగ్గురు మనుషుల మొహాలే చూసినదానికి ఆ ఒక్క దెబ్బతో ప్రాణం లేచి వచ్చింది.

ఒక్క మాట. ఇరవై మూడో ఫైలు నేనూ విన్నాను. నాకు కాస్త అనుమానంగా ఉంది. ఆంటీ చెప్పింది తమాషాగా రాశావు గానీ... మరోసారి విని చెప్పవూ?

నాన్నకు పాజిటివ్ వచ్చింది. లక్షణాలు తక్కువే అంటున్నారు. ఆయన కూడా అదే అంటారు. ఆయన ఎప్పుడూ అలాగే అంటారు.

హరిణి

*

ఉధ్నా, సూరత్
6 ఆగస్టు 2020

హరిణీ,

నిన్న మీ నాన్నగారి క్వార్టర్స్ గేటు దాకా వెళ్ళి, అమ్మ చేసిన జొన్నరొట్టెలూ పండ్లూ వాచ్‌మన్ చేతికిచ్చి వచ్చాను. ఆయన మూడో అంతస్తు బాల్కనీలోంచి చెయ్యి ఊపారు. ఏదో అరిచి చెప్పారు, అందలేదు. బాగానే నిలబడ్డారు. అది మాత్రం నా కళ్ళతో చూశాను.

ఇరవై మూడో ఫైలు మళ్ళీ మూడుసార్లు విన్నాను. శుభ్రం. నీ అనుమానం చదివితే బాధేసింది, దాచుకోను. అరవింద్ గారు శుభ్రం అంటే నువ్వు మరోసారి వినమనేదానివా? నేను మునిసిపాలిటీ బడి పిల్లననా? మా అమ్మ సంతకం బదులు వేలిముద్ర వేస్తుంది హరిణీ. ఆమె మాట మీద ఇంజను హద్దులు మార్చుకుందామా?

కోపం కాదు. అలసట. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి, సగమే. సాంచాలు నడిపే ఒడిశా కూలీలు వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు. బాపును పిలిచారు. కానీ ఆయనకిప్పుడు కొత్త కష్టం వచ్చింది. అందరూ మాస్కులు కట్టుకున్నారు. పెదవులు కనిపించవు. ముప్పై ఏళ్ళు ఆ హోరులో ఏ ఇబ్బందీ లేకుండా పని చేసిన మనిషి ఇప్పుడు ప్రతి మాటకూ "ఆఁ? ఏంది?" అంటుంటే కుర్రవాళ్ళు నవ్వుతున్నారట. నిన్న సాంచాల యజమాని శేఠ్ ఏదో చెబితే తల ఊపి వచ్చి, ఆపవద్దన్న సాంచెను ఆపేశాడు.

నాకూ అంతేలే. రేషన్ షాపులో, బ్యాంకులో అందరూ గుడ్డ వెనక గొణుగుతారు. ఒక్క ముక్కా అర్థం కాదు. ఈ రోగం పోతే గానీ మనుషులు సరిగ్గా మాట్లాడరు.

సింధూజ

*

చెన్నై
11 అక్టోబర్ 2020

సింధూ,

ముందు ఇది చదువు. నాకేమీ కాలేదు.

గురువారం వేగపు పరుగు. ఎనిమిదో చుట్టులో, మూడో గేరు పడి బలం తిరిగి వచ్చిన మరుక్షణం ఇంజను లోపల ఏదో విరిగింది. వెనకంతా నీలం పొగ. చక్రాల కింద నూనె. కారు పక్కకు జారింది, రెండు పిల్లిమొగ్గలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. గడ్డి మీద ఆగింది. దిగి కూర్చున్నాను. వెంకటయ్య గారు పరుగెత్తుకొచ్చి నీళ్ళు తాగించారు, దూరం పాటించాలన్న సంగతే మరిచిపోయి.

నిన్న ఇంజను విప్పాం. మూడో సిలిండర్ పిస్టన్ అంచు విరిగింది. నాలుగు పిస్టన్ల తలల మీదా సన్న సన్న గుంటలు. ఎవరో చిన్న సుత్తితో నెలల తరబడి కొట్టినట్టు. నాకింగ్ తప్ప మరొకటి అలా చేయదు. సెన్సర్ దాన్ని వింది, అంకె కూడా ఇచ్చింది. మనం గీసిన హద్దు దాన్ని శుభ్రం అనుకుంది.

నా తప్పు కూడా చెబుతాను. ఇరవై మూడో ఫైలులో నాకు వినిపించింది సింధూ. అనుమానం అని రాశాను గానీ అది అనుమానం కాదు. స్పష్టంగా గలగలమంది. నీ ఆగస్టు ఉత్తరం చదివాక ఇక మాట్లాడలేకపోయాను. నిన్ను నొప్పించడం కంటే నా చెవిని అనుమానించుకోవడం సులువైంది.

మనం హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పటి సంగతి ఒకటి గుర్తొస్తోంది. నా వాచీ అలారం సన్నగా మోగుతూనే ఉండేది, నువ్వు దాని పక్కనే కూర్చుని చదువుకునేదానివి. ఎంత ఏకాగ్రత అనుకునేదాన్ని.

ఒక పని చెయ్యి. ఆ ఫైలును నాలుగింతలు నెమ్మదిగా నడిపించి విను. అలా చేస్తే సన్నని చప్పుడు కూడా బొంగురుగా మారుతుంది. విని, ఏమీ రాయాలనిపించకపోతే రాయకు.

హరిణి

*

ఉధ్నా, సూరత్
2 నవంబర్ 2020

హరిణీ,

విన్నాను. నెమ్మదిగా నడిపిస్తే ఉంది. పెంకు మీద పెంకుతో కొడుతున్నట్టు, టక్ టక్ టక్, వరసగా. మామూలు వేగంతో పెట్టాను. టర్బో ఈల, గర్జన, రోలర్ల మోత. అంతే. మళ్ళీ నెమ్మదిగా పెట్టాను. ఉంది. మళ్ళీ మామూలుగా. లేదు.

అమ్మను పిలిచి హెడ్‌ఫోన్ ఇచ్చాను. మామూలు వేగమే. "గదే. శెనిగెల డబ్బ" అంది. ఈసారి నేను నవ్వలేదని ఆమె నా మొహం వైపు చూసింది.

చెవుల క్లినిక్‌కు వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. నొక్కుతూ ఉన్నాను. ఒక దశలో చాలాసేపు ఏమీ రాలేదు. మిషను ఆపేశారనుకుని అద్దంలోంచి చూశాను. అవతల అమ్మాయి మీట నొక్కుతూనే ఉంది.

కాగితం మీద గీత తిన్నగా వచ్చి వచ్చి, ఒకచోట గుంతలో పడింది. నాలుగు వేల హెర్ట్జ్ నుంచి ఏడు వేల దాకా, సన్నని చప్పుళ్ళుండే చోట. మన ఇంజను నాకింగ్ ఎక్కడ ఉంటుందో నేను నీకు చెప్పాలా? ఆ పట్టిక నింపింది నేనే. ఆరు వేల ఎనిమిది వందలు.

డాక్టరమ్మ ఏదో అడిగింది. మాస్కు వెనక మాట నాకు అందలేదని గ్రహించి కాగితం మీద రాసింది, "ఎన్నేళ్ళు సాంచాల మీద పనిచేశావు?" అని.

"నేను పని చేయలేదు. చదువుకున్నాను" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"ఎక్కడ?" అని రాసింది.

ఏడో నంబరు సాంచె పక్కన, దారపు పెట్టె మీద. పదో తరగతి దాకా అక్కడే చదివాను. మా గదిలో బల్బు మసకగా ఉండేది, కింద ట్యూబులైట్లు ఉండేవి. ఫస్టు మార్కుల కోసం అక్కడికి దిగేదాన్ని. దానికి ముందు తొట్టెల. అది ఆమెకు చెప్పలేదు.

లోపల పోయినది తిరిగి రాదట. మాటలు అందడానికి చెవి మిషను కొంత సాయం చేస్తుందట, నా పనికి మాత్రం కాదట. సిగ్నల్ బాగుండదని నీకు రాశాను చూడు, ఇక్కడ సిగ్నల్ బాగానే ఉంటుంది హరిణీ. మా గల్లీలో అందరూ మాట్లాడుకుంటున్నారు.

ఇంటికొస్తే బాపు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూశాడు. గీతలంటే ఆయనకు ఇష్టం.

"ఏందిది బిడ్డా, కారుదా?"

"అవ్ బాపూ, కారుదే."

"మంచిగనే వోతుంది గద. మల్ల గీడ గుంత వడ్డదేంది?"

"గదే తెలుస్తలేదు."

"నువ్ జేస్తవ్ తియ్" అని నా భుజం తట్టాడు. "నీ చేతిలకు వచ్చినంక ఏ మిషినైనా సక్కగైతది."

నిన్ను ఆ గడ్డి మీదకు పంపింది నేను. క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

సింధూజ

*

చెన్నై
20 నవంబర్ 2020

సింధూ,

క్షమాపణలు తర్వాత. ముందు ఇది తేల్చాలి.

కారణం ఏమిటో నెలాఖరులోపు నివేదిక ఇమ్మన్నారు. నీ చెవుల సంగతి నేనెవరికీ చెప్పలేదు. రోహిత్ సార్ ఒక దారి చూపిస్తున్నారు. పెట్రోలు మార్చి నుంచి డ్రమ్ముల్లోనే ఉంది. పాత పెట్రోలు కూడా నాకింగ్ తెస్తుంది, అందులో అబద్ధం లేదు. పెట్రోలు పాడైంది అని రాస్తే ఎవరూ ఎదురు అడగరు. నీ ప్రొబేషన్ డిసెంబరులో ముగుస్తుంది, ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ తర్వాత నువ్వు వినే పని వద్దని మెల్లగా పట్టికల వైపు జరిగిపోవచ్చు.

నిజం రాస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. వినికిడి పరీక్ష తప్పనిసరి చేస్తారు. అందులో నువ్వు నిలబడవు.

నాన్న కోలుకున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందట. మీ అమ్మ రొట్టెల గురించి ఇప్పటికీ చెబుతున్నారు. నువ్వు ఏం చెబితే అదే రాస్తాను.

హరిణి

*

ఉధ్నా, సూరత్
24 నవంబర్ 2020

హరిణీ,

పెట్రోలు అని రాస్తే డ్రమ్ములు చూసే వెంకటయ్య గారు ఏమవుతారు? నువ్వు ఆ మాట రాయలేదు. రాయకుండా వదిలేశావంటే నీకూ తెలుసు.

ఇంకొకటి. పెట్రోలు అని రాస్తే ఆ హద్దు అలాగే ఉంటుంది. కారు అమ్ముడవుతుంది. ఎవరో కొండ ఎక్కుతుంటారు, వెనక సీట్లో పిల్లలుంటారు. లోపల శెనిగెల డబ్బా మోగుతూ ఉంటుంది, కంప్యూటర్ నా చెవితో వింటూ ఉంటుంది.

రెండు రోజులు ఆలోచించాను. క్లినిక్ కాగితం దీనితో పాటు పంపిస్తున్నాను. నివేదికకు జత చెయ్యి. నలభై ఫైళ్ళూ చెవులు బాగున్న మనిషితో మళ్ళీ వినిపించు. వినేది నువ్వే అయితే మంచిది.

సింధూజ

*

చెన్నై
30 జనవరి 2021

సింధూ,

నిన్ను ఉద్యోగంలో కొనసాగించలేమన్న ఆఫీసు ఉత్తరం నీకు అంది ఉంటుంది. దాంట్లో వాడిన భాష నాది కాదు. "తగిన ఖాళీ ఏర్పడినప్పుడు తెలియజేస్తాం" అన్న వాక్యం కోసం నేను మూడు మీటింగుల్లో కొట్లాడాను. ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ తేలేకపోయాను.

నలభై ఫైళ్ళూ విన్నాను. పదిహేడింటిలో నాకింగ్ ఉంది. నిప్పును డిగ్రీన్నర వెనక్కి జరిపాం. గేరు మారేటప్పుడు మళ్ళీ కాస్త మెత్తబడింది, వీపు మీద దెబ్బ లేదు. కొత్త ఇంజను నలభై గంటలు నడిచింది, విప్పి చూస్తే పిస్టన్లు అద్దంలా ఉన్నాయి. వెంకటయ్య గారు నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. ఆయనకు సంగతేమీ తెలియదు.

కొత్త ఇరవై మూడో ఫైలు పంపిస్తున్నాను. నాకు శుభ్రంగా ఉంది. అయినా ఆంటీ విని చెప్పేదాకా సంతకం పెట్టను. ఎగతాళి కాదు.

హరిణి

*

ఉధ్నా, సూరత్
14 మార్చి 2021

హరిణీ,

ఆలస్యమైంది, ఏమనుకోకు. అమ్మ విన్నది. రొట్టెల పిండి చేతులు తుడుచుకుని, చాప మీద కూర్చుని, చివరిదాకా విన్నది. "ఏం లేదు బిడ్డా. సాఫ్ ఉంది. శెనిగెలు దించేసిండ్రు" అంది. నువ్వు సంతకం పెట్టవచ్చు.

బాపు కూడా నాకియ్యి అని హెడ్‌ఫోన్ తీసుకున్నాడు. చెవులకు పెట్టుకుని, మా ఇద్దరి మొహాలూ చూసి, "మస్తుంది!" అని తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నప్పుడు, ఫోన్లో నీతో మాట్లాడినప్పుడు, రోహిత్ సార్ మీటింగుల్లో నేనూ అలాగే ఊపేదాన్ని. అది తెలివి అనుకునేదాన్ని.

బాపుకు కంపెనీ మూతపడిందని చెప్పాను. నమ్మాడు. ఈ ఊళ్ళో ఎన్ని మూతపడలేదు? నిజం చెబితే తొట్టెల కథ ఆయన ఇంకెప్పుడూ చెప్పలేడు. ఆయనకు ఉన్న గొప్ప అదొక్కటే. ఇక్కడ పల్సానా వైపు ఒక మిల్లులో లెక్కల పని అడిగాను, రేపో ఎల్లుండో చెబుతామన్నారు. ఇంజన్ల గురించి రాసిన నా నోటుపుస్తకాలు దారపు పెట్టెలో పెట్టాను.

ఇంకో సంగతి. సిరిసిల్ల నుంచి రాజలింగం, భూదేవి అని కొత్త జంట వచ్చింది. ఇద్దరూ సాంచాల మీదే. ఆరు నెలల పాప. సోమవారం నేను కిందికి దిగేసరికి బాపు చీర మడతపెట్టి ఏడో నంబరు సాంచెకు తొట్టెల కడుతున్నాడు. ముడి గట్టిగా లాగి చూసుకుంటున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"సూడు బిడ్డా, నీ తొట్టెలనే!"

పాపను ఎత్తుకున్నాను. ఆయనకు నా పెదవులు కనబడాలని మాస్కు కిందికి లాగి, "కింద అందరు దగ్గుతున్నరు బాపూ, కరోనా అంటుకుంటది. పైన పండవెడ్త" అన్నాను.

"పైన ఎవలు ఊపుతరే? ఈడైతె మిషినే ఊపుతది."

"నేనూపుత."

అప్పటి నుంచి రెండు షిఫ్టులూ పాప మా గదిలోనే ఉంటోంది. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కాను. పైకి కూడా మోత వస్తుంది, ఏడో నంబరు పక్కన ఉన్నంత రాదు. నేను చేయగలిగింది ఇంతే. రేపు మిల్లు పని దొరికితే ఇది కూడా చేయలేను. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. కరోనా పోయాక ఏ వంక చెప్పాలో అసలే తెలియదు.

ఈ మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పాప నా ఒళ్ళో నన్నే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి తల పక్కకు తిప్పి, ఎవరో పిలిచినట్టు నవ్వింది. ఏముందా అని నేనూ అటు తిరిగాను. మూలన అమ్మ పిండి కలుపుతోంది. చేతులు కదులుతున్నాయి, గాజులు కదులుతున్నాయి.

సింధూజ